ఎంత నడవాలి, ఎంత తినాలి, ఎంత నిద్రపోవాలి: రోజువారీ ఆరోగ్య ప్రశ్నలకు సమాధానం తేల్చుకునే పద్ధతి

పరుగు మంచిదా, ఉప్పు చెడ్డదా, రాత్రిపూట పండ్లు తినవచ్చా, ఖాళీ కడుపుతో వ్యాయామం చేయవచ్చా అని మనం రోజూ అడుగుతూనే ఉంటాం. ఇలా అవునో కాదో తేల్చమని అడిగిన ప్రశ్నకు ఎవరైనా ఒక్క మాటలో జవాబు చెప్పేస్తారు. మరుసటి రోజు ఇంకొకరు దానికి పూర్తిగా వ్యతిరేకమైన జవాబు చెబుతారు. విన్నవారు రెండింటినీ పక్కనపెట్టి పాత అలవాటునే కొనసాగిస్తారు. అదే ప్రశ్నను ఎంత, ఎన్నిసార్లు, ఎవరికి అని మార్చి అడిగితే పరస్పర విరుద్ధంగా కనిపించిన సలహాల్లో చాలావరకు వాటంతట అవే ఒక దారికి వస్తాయి. సోడియం లేనిదే నరాలు, కండరాలు పనిచేయవు, కానీ అదే సోడియం ఎక్కువైతే రక్తపోటు పెరుగుతుంది. విటమిన్ ఏ లోపిస్తే కంటిచూపు దెబ్బతింటుంది, మాత్రల రూపంలో అదే విటమిన్ మోతాదు మించితే కాలేయానికి హాని కలుగుతుంది. అందువల్ల కింది ప్రశ్నలన్నింటికీ వీలైనంతవరకు కొలతతోనే సమాధానం చెప్పాను, ఆ కొలతను ఇంట్లో ఎవరికి వారు ఎలా లెక్కవేసుకోవాలో కూడా వివరించాను.

వ్యాయామం మొదలుపెట్టే ముందు డాక్టరును కలవాలా?

ఏ జబ్బూ లేనివారు మామూలు నడకతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుకుంటూ పోయేటట్లయితే అందుకోసం ప్రత్యేకంగా పరీక్షలు చేయించుకోవలసిన అవసరం సాధారణంగా ఉండదు. గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారు, గర్భిణులు మాత్రం ముందుగా తమ డాక్టరుతో మాట్లాడాలి. ఇన్సులిన్ గానీ, రక్తంలో చక్కెరను బాగా తగ్గించే కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవారికి వ్యాయామం చేసేటప్పుడు, చేసిన కొన్ని గంటల తర్వాత కూడా చక్కెర మరీ పడిపోయే ప్రమాదం ఉంది; వారు మందు మోతాదు, భోజనవేళ, వ్యాయామవేళ ఈ మూడింటినీ కలిపి డాక్టరుతో చర్చించుకోవాలి.

వ్యాయామం మధ్యలో ఛాతీలో నొప్పి లేదా బిగుతు వచ్చినా, ఆ నొప్పి చేతికి, దవడకు, వీపుకు పాకినా, చల్లని చెమటలు పట్టినా, కళ్లు తిరిగినా, చేసిన పనికి మించిన ఆయాసం వచ్చినా వెంటనే ఆపేయాలి. కాసేపు కూర్చుంటే తగ్గింది కదా అని మళ్లీ మొదలుపెట్టకూడదు, వెంటనే అత్యవసర వైద్య సహాయం తీసుకోవాలి. ఈ ఒక్క విషయంలో మాత్రం ఎంత అనే ప్రశ్నకు చోటు లేదు.

రోజుకు ఎంత వ్యాయామం సరిపోతుంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాల పాటు మధ్యస్థ స్థాయి శ్రమ గానీ, 75 నుంచి 150 నిమిషాల పాటు తీవ్ర శ్రమ గానీ చేయాలి. దీనికి తోడు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం ఉండాలి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన ఆటలు, శ్రమ అవసరం. 65 ఏళ్లు దాటినవారు పడిపోకుండా తమను తాము కాపాడుకోవడానికి, తూలకుండా నిలబడే సామర్థ్యాన్ని పెంచే వ్యాయామాలను వారంలో కనీసం మూడు రోజులు చేయాలి.

మధ్యస్థ శ్రమ అంటే ఏమిటో తెలుసుకోవడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. నడుస్తూ పక్కవారితో పూర్తి వాక్యాల్లో మాట్లాడగలుగుతూ, పాట పాడలేని స్థితిలో ఉంటే అది మధ్యస్థ శ్రమ. పాట కూడా హాయిగా పాడగలిగితే వేగం చాలలేదని, రెండు మూడు మాటలకే ఊపిరి కోసం ఆగవలసి వస్తే అది తీవ్ర శ్రమ అని గ్రహించాలి. ఈ పరీక్షలో నాకు బాగా నచ్చే గుణం ఏమిటంటే, అది ఎవరి శరీరానికి తగ్గట్టు వారికి కొలతను ఇస్తుంది. ఇరవై ఏళ్ల యువకుడికీ డెబ్బై ఏళ్ల వృద్ధురాలికీ ఒకే వేగాన్ని నిర్ణయించదు.

రోజుకు 10,000 అడుగులు తప్పనిసరా అనే ప్రశ్న తరచూ వస్తుంది. ఆ సంఖ్య ఏ పరిశోధన నుంచీ పుట్టలేదు. 1964 టోక్యో ఒలింపిక్స్ తర్వాత జపాన్‌లో నడకపై పెరిగిన ఆసక్తిని చూసి 1965లో ఒక సంస్థ అమ్మకానికి తెచ్చిన అడుగుల లెక్కింపు పరికరం పేరులో ఆ పదివేల సంఖ్య ఉంది, అక్కడి నుంచి అది లోకమంతా వ్యాపించింది. వృద్ధ మహిళలపై అమెరికాలో జరిగి 2019లో వెలువడిన ఒక అధ్యయనంలో, రోజుకు సుమారు 4,400 అడుగులు నడిచేవారిలోనే మరణాల రేటు అంతకంటే బాగా తక్కువ నడిచేవారితో పోలిస్తే తక్కువగా కనిపించింది, ఆ ప్రయోజనం 7,500 అడుగుల దగ్గర దాదాపు నిలకడకు వచ్చింది. పదివేలు నడవగలిగినవారు నిశ్చింతగా నడవవచ్చు. ప్రస్తుతం 3,000 దగ్గర ఉన్నవారు మాత్రం ఆ పెద్ద సంఖ్యను చూసి నిరాశపడకుండా ముందు 4,000కు, ఆ తర్వాత 5,000కు చేరుకునే ప్రయత్నం చేయాలి, ఎందుకంటే అన్నిటికంటే ఎక్కువ లాభం దక్కేది ఆ తొలి మెట్ల దగ్గరే.

రోజంతా చేసే చిన్నచిన్న పనులు లెక్కలోకి వస్తాయా అంటే, వస్తాయి. ఒక్కో విడత కనీసం 10 నిమిషాలైనా ఉండాలని 2010 మార్గదర్శకాల్లో ఉన్న నిబంధనను 2020లో తొలగించారు. పనిలోనే శరీరం కదలడం ఎంత మేలు చేస్తుందో ఈ రంగంలో తొలి ఆధారాల్లో ఒకటి కూడా చెబుతోంది: లండన్ బస్సుల్లో రోజంతా కూర్చుని నడిపే డ్రైవర్లతో పోలిస్తే, రెండంతస్తుల బస్సుల్లో మెట్లు ఎక్కుతూ దిగుతూ టికెట్లు ఇచ్చే కండక్టర్లకు గుండె జబ్బు తక్కువగా వస్తున్నదని జెరెమీ మోరిస్, ఆయన సహచరులు 1953లో ప్రచురించారు.

అసలు అలవాటే లేనివారు మొదటి వారం రోజుకు 10 నిమిషాల చొప్పున ఐదు రోజులు నడవాలి. ప్రతి వారం ఆ వ్యవధికి ఐదు నిమిషాలు కలుపుతూ పోతే ఐదో వారానికి రోజుకు 30 నిమిషాలు, అంటే వారానికి 150 నిమిషాలు అవుతుంది. ఏదైనా ఒక వారం కష్టంగా అనిపిస్తే పెంచకుండా అదే వ్యవధిని ఇంకో వారం కొనసాగించడంలో నష్టమేమీ లేదు. ఉత్సాహం కొద్దీ మొదటి రోజే గంటసేపు పరుగెత్తేవారిని చూస్తే నాకు ఆందోళన కలుగుతుంది, ఎందుకంటే గుండె, ఊపిరితిత్తులు కొత్త శ్రమకు అలవాటుపడినంత త్వరగా స్నాయువులు, ఎముకలు అలవాటుపడవు. ఊపిరి అందుతోంది కదా అని వేగం పెంచినవారికే మోకాలి నొప్పులు, మడమ నొప్పులు ఎక్కువగా వస్తాయి.

నడక ఒక్కటి చాలదా?

చాలదు. వయసు పెరిగేకొద్దీ కండరం తరుగుతూ వస్తుంది, కుర్చీలోంచి లేవడం, మెట్లెక్కడం, తూలినప్పుడు నిలదొక్కుకోవడం అన్నీ ఆ కండరం మీదే ఆధారపడి ఉంటాయి. బలాన్నిచ్చే వ్యాయామానికి జిమ్ ఉంటే మంచిదే గానీ, లేకపోయినా లోటు లేదు. ఇంట్లో ఉన్న కుర్చీతో చేసే ఒక వ్యాయామాన్ని ఇక్కడ పూర్తిగా వివరిస్తాను, ఎందుకంటే దీనిని సక్రమంగా చేస్తే తొడలు, పిరుదులు రెండూ బలపడతాయి, తప్పుగా చేస్తే మోకాళ్లు నొప్పి పెడతాయి.

చేతులు లేని గట్టి కుర్చీని వెనక్కి జరగకుండా గోడకు ఆనించి ఉంచాలి. కుర్చీ ముందు సగంలో కూర్చుని, పాదాలను భుజాల వెడల్పులో నేలకు పూర్తిగా ఆనించి, మడమలు మోకాళ్లకంటే కొంచెం వెనక్కి ఉండేలా చూసుకోవాలి. రెండు చేతులను ఛాతీ మీద కట్టుకుని, వీపును వంచకుండా నడుము దగ్గర నుంచి ముందుకు వాలుతూ, ముక్కు కాలివేళ్లకు సూటిగా వచ్చినప్పుడు ఊపిరి వదులుతూ పాదాలతో నేలను నొక్కి లేవాలి. లేచేటప్పుడు మోకాళ్లు లోపలికి ముడుచుకోకుండా కాలివేళ్ల దిశలోనే ఉండాలి. నిటారుగా నిలబడ్డాక, మనసులో మూడు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా కూర్చోవాలి. చివర్లో కుర్చీలో కూలబడిపోతే వ్యాయామంలో సగం ఫలితం అక్కడే పోతుంది, ఎందుకంటే శరీర బరువును అదుపులో ఉంచుతూ కిందికి దిగేటప్పుడు కూడా కండరం లేచేటప్పటిలాగే పనిచేస్తుంది. ఇలా 8 నుంచి 12 సార్లు చేసి, ఒకటి రెండు నిమిషాలు విశ్రాంతి తీసుకుని, మళ్లీ ఒక విడత చేయాలి. చేతుల ఊతం లేకుండా లేవలేనివారు మొదట్లో తొడల మీద చేతులు ఆనించి లేవవచ్చు, లేదా కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచుకోవచ్చు. ఊపిరి బిగబట్టి మాత్రం లేవకూడదు, అలా చేస్తే ఆ క్షణంలో రక్తపోటు బాగా పెరుగుతుంది.

చివరి రెండు మూడు సార్లు కష్టంగా అనిపిస్తేనే ఆ భారం సరిపోయినట్లు. పన్నెండూ సులువుగా పూర్తవుతుంటే ఎత్తు తక్కువ కుర్చీకి మారాలి, లేదా చేతుల్లో నీళ్ల సీసాల వంటి బరువు పట్టుకోవాలి. ఛాతీ, భుజాల కోసం గోడకు చేతులు ఆనించి చేసే పుషప్‌లు ఇదే లెక్కన చేయవచ్చు. గోడ నుంచి బల్లకు, బల్ల నుంచి నేలకు మారుతున్నకొద్దీ భారం పెరుగుతుంది.

మరుసటి రోజు ఒళ్లు నొప్పులు వస్తే భయపడనక్కర్లేదు. కొత్త శ్రమ తర్వాత కండరాల్లో కలిగే ఈ నొప్పి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఎక్కువగా ఉండి తగ్గిపోతుంది. దీనికి లాక్టిక్ ఆమ్లం కారణమని చాలామంది అనుకుంటారు, కానీ అది వ్యాయామం ఆపిన గంట, రెండు గంటల్లోపే రక్తం నుంచి తొలగిపోతుంది. కండర తంతువుల్లో కలిగే అతి సూక్ష్మమైన దెబ్బలు, వాటి వల్ల వచ్చే వాపు ఈ నొప్పికి మూలం. కండరమంతా సలుపుతున్నట్లుండే నొప్పి వేరు, కీలులో ఒకేచోట గుచ్చినట్లుండే నొప్పి వేరు. రెండోది వస్తే ఆ కదలికను ఆపేయాలి, వాపు కనిపించినా, కొన్ని రోజుల్లో తగ్గకపోయినా డాక్టరుకు చూపించుకోవాలి.

నడుస్తున్నా బరువు ఎందుకు తగ్గడం లేదు?

దీనికి సమాధానం లెక్కలో ఉంది. 70 కిలోల మనిషి గంటకు సుమారు 5 కిలోమీటర్ల వేగంతో ఒక గంట నడిస్తే దాదాపు 245 కేలరీలు ఖర్చవుతాయి. అందులో సుమారు 70 కేలరీలు ఆ గంటసేపు ఊరికే కూర్చున్నా ఖర్చయ్యేవే కాబట్టి, నడక వల్ల అదనంగా ఖర్చయినవి సుమారు 175. చేతిలో ఇమిడే 35 గ్రాముల చిప్స్ పొట్లంలో దాదాపు అన్నే కేలరీలు ఉంటాయి, దాన్ని తినడానికి ఐదు నిమిషాలు చాలు. అందువల్ల బరువు తగ్గడంలో పెద్ద వాటా ఆహారానిదే. అయితే ఈ లెక్క చూసి నడక మానేయడం పొరపాటు. రక్తపోటు, రక్తంలో చక్కెర, నిద్ర, మనసు నెమ్మది వంటి వాటిలో వచ్చే మేలు బరువు ఒక్క గ్రాము తగ్గకపోయినా దక్కుతుంది. పైగా ఆహారం తగ్గించి బరువు దించుకున్నవారు దాన్ని మళ్లీ పెరగకుండా నిలుపుకోవడానికి, కండరం కరిగిపోకుండా కాపాడుకోవడానికి వ్యాయామమే ఆధారం.

మొదటి వారంలో రెండు మూడు కిలోలు తగ్గినవారు పొంగిపోవడం, మూడో వారంలో తగ్గుదల మందగించగానే కుంగిపోవడం చాలా చోట్ల చూస్తాం. శరీరం పిండిపదార్థాన్ని గ్లైకోజెన్ రూపంలో కాలేయంలో, కండరాల్లో దాచుకుంటుంది, ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీరు కూడా నిల్వ ఉంటుంది. తిండి తగ్గించగానే ముందు ఖర్చయ్యేది ఆ నిల్వే, కాబట్టి తొలి రోజుల్లో తగ్గిన బరువులో ఎక్కువ భాగం నీరు. కొవ్వు అంత వేగంగా కరగదు. వారానికి అర కిలో నుంచి ఒక కిలో తగ్గితే అది మంచి వేగమే. ప్రతి ఉదయం కాలకృత్యాల తర్వాత, ఏమీ తినకముందు, ఒకే యంత్రం మీద బరువు చూసుకుని వారం మొత్తానికి సగటు తీసుకోవాలి. ఉప్పు ఎక్కువ తిన్న మరుసటి రోజు ఒక కిలో పెరిగినట్లు కనిపించడం సహజం, దానికి అర్థమేమీ లేదు.

పొట్ట ఒక్కటే తగ్గించే వ్యాయామం లేదు. పొట్ట కండరాలకు ఎంత పని చెప్పినా అక్కడి కండరం బలపడుతుందే తప్ప దాని పైనున్న కొవ్వు ప్రత్యేకంగా కరగదు. కొవ్వు శరీరమంతటి నుంచీ తగ్గుతుంది, ఎక్కడ ముందు తగ్గాలనేది చాలావరకు జన్యువులు, హార్మోన్లు నిర్ణయిస్తాయి.

తగిన బరువు ఎంతో తెలుసుకోవడానికి బీఎంఐ ఒక అంచనా ఇస్తుంది. కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. 160 సెంటీమీటర్ల ఎత్తు, 64 కిలోల బరువు ఉన్నవారికి అది సరిగ్గా 25 వస్తుంది. 18.5 నుంచి 25 లోపు సాధారణమని, 25 నుంచి అధిక బరువని లెక్క. ఆసియా ప్రజల్లో తక్కువ బీఎంఐ దగ్గరే మధుమేహం, గుండె జబ్బుల ముప్పు మొదలవుతున్నందున వారి విషయంలో 23 నుంచే జాగ్రత్తపడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం 2004లో సూచించింది. బీఎంఐకి కండరానికీ కొవ్వుకీ తేడా తెలియదు కాబట్టి నడుము చుట్టుకొలతను కూడా చూసుకోవాలి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ నడిమధ్యన, పొట్ట లోపలికి లాక్కోకుండా, ఊపిరి మామూలుగా వదిలినప్పుడు టేపుతో కొలవాలి. ఆ కొలత ఎత్తులో సగం కంటే తక్కువ ఉండాలి. 160 సెంటీమీటర్ల వారికి 80 దాటకూడదు. నన్నడిగితే ఇంట్లో రెండింటిలో ఒకటే చూసుకోగలిగితే నడుమునే కొలుచుకోమంటాను.

ఏం తినాలి, ఎంత తినాలి?

కంచంలో సగం కూరగాయలు, పండ్లు, పావు భాగం పొట్టు తీయని ధాన్యం, మిగిలిన పావు భాగం ప్రోటీన్ ఉన్న పదార్థం ఉండేలా చూసుకుంటే లెక్కలు వేసే ఓపిక లేనివారికి అదే చాలు. కూరగాయలు, పండ్లు కలిపి రోజుకు కనీసం 400 గ్రాములు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బంగాళాదుంప, చిలగడదుంప వంటి పిండి దుంపలు ఆ లెక్కలోకి రావు.

ప్రోటీన్ విషయంలో ఆరోగ్యవంతులైన పెద్దలకు శరీర బరువులో కిలోకు రోజుకు 0.83 గ్రాములు సరిపోతాయి. 60 కిలోల వ్యక్తికి అది దాదాపు 50 గ్రాములు. బరువులెత్తే వ్యాయామం క్రమం తప్పకుండా చేసేవారికి కిలోకు 1.6 గ్రాముల వరకు ప్రయోజనం కనిపిస్తుంది, వృద్ధులకు కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు మంచిదని పలువురు నిపుణులు సూచిస్తున్నారు. ఒక కోడిగుడ్డులో సుమారు 6 గ్రాములు, 250 మిల్లీలీటర్ల పాలలో సుమారు 8 గ్రాములు ఉంటాయి. పప్పుల దగ్గర మాత్రం చాలామంది లెక్క తప్పుతారు: 100 గ్రాముల ఎండు పప్పులో 24 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది, కానీ ఉడికాక నీరు చేరి బరువు పెరుగుతుంది కాబట్టి 100 గ్రాముల ఉడికిన పప్పులో ఉండేది సుమారు 9 గ్రాములే. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఈ అంకెలను అనుసరించకూడదు, వారికి డాక్టరు చెప్పిన పరిమితే ప్రమాణం.

కొవ్వు ఒక గ్రాముకు 9 కేలరీలు, పిండిపదార్థం, ప్రోటీన్ 4 చొప్పున ఇస్తాయి. నూనె కంటికి కనిపించకుండా వంటలో కలిసిపోతుంది కనుక దాన్ని కంచంలో కాకుండా సీసాలోనే లెక్కించాలి. నలుగురున్న ఇంట్లో నెలకు మూడు లీటర్ల నూనె అయిపోతే మనిషికి రోజుకు 25 మిల్లీలీటర్లు, అంటే దాదాపు 200 కేలరీలు నూనె నుంచే వస్తున్నాయని అర్థం. నెలాఖరున ఈ ఒక్క భాగహారం చేసుకుంటే వంటింట్లో ఎంత తగ్గించుకోవచ్చో తేలిపోతుంది.

చక్కెర విషయంలో పండులో సహజంగా ఉన్నదాన్నీ విడిగా కలిపినదాన్నీ ఒకే గాటన కట్టకూడదు. విడిగా కలిపిన చక్కెర, తేనె, పండ్లరసాల్లోని చక్కెర అన్నీ కలిపి రోజు కేలరీల్లో 10 శాతానికి లోపు ఉండాలని, 5 శాతానికి తగ్గిస్తే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. రోజుకు 2,000 కేలరీలు తీసుకునేవారికి 10 శాతమంటే 50 గ్రాములు, 5 శాతమంటే 25 గ్రాములు. 330 మిల్లీలీటర్ల కోలా డబ్బా ఒక్కదానిలోనే సుమారు 35 గ్రాములు ఉంటుంది. పండును పండుగానే తింటే దానిలోని పీచు వల్ల చక్కెర నెమ్మదిగా రక్తంలోకి చేరుతుంది, కడుపు కూడా నిండుతుంది. మూడు నాలుగు పండ్లు పిండిన రసాన్ని ఒక్క నిమిషంలో తాగేయవచ్చు, కడుపు నిండిన భావన మాత్రం రాదు.

ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే సుమారు ఒక టీస్పూను మించకూడదు. ప్యాకెట్ల మీద ఉప్పుకు బదులు సోడియం అని రాస్తారు కాబట్టి లేబుల్ చదవడం నేర్చుకోవాలి. ఒక ప్యాకెట్ వెనుక 100 గ్రాములకు 800 మిల్లీగ్రాముల సోడియం అని ఉందనుకుందాం, ప్యాకెట్ బరువు 60 గ్రాములు. మొత్తం తింటే 480 మిల్లీగ్రాముల సోడియం లోపలికి వెళ్తుంది. దానిని 2.5తో గుణిస్తే 1,200 మిల్లీగ్రాముల ఉప్పు, అంటే రోజు మొత్తానికి అనుమతించిన 5 గ్రాముల్లో దాదాపు నాలుగో వంతు. లేబుల్‌లోని అంకెలు 100 గ్రాములకు ఇచ్చారా, ఒక వడ్డనకు ఇచ్చారా అన్నది ముందు చూడాలి. ప్యాకెట్‌లో రెండు మూడు వడ్డనలు ఉన్నాయని చిన్న అక్షరాల్లో రాసి ఉంటే ఆ అంకెలను అన్ని రెట్లు చేయాలి. కలిపిన పదార్థాల జాబితాను సాధారణంగా బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు, కాబట్టి మొదటి మూడు పేర్లలో చక్కెర గానీ, శుద్ధిచేసిన పిండి గానీ, నూనె గానీ ఉంటే ముందువైపు పెద్ద అక్షరాల్లో ఆరోగ్యకరం అని ఏం రాసినా పట్టించుకోనవసరం లేదు.

విటమిన్ మాత్రలు అందరికీ అవసరం లేదు. జంతువుల నుంచి వచ్చే ఏ ఆహారమూ, పాలు కూడా, తీసుకోనివారికి మాత్రం విటమిన్ బీ12 మాత్ర గానీ, అది కలిపిన ఆహారం గానీ తప్పనిసరి, ఎందుకంటే మొక్కల ఆహారంలో నమ్మదగినంత బీ12 దొరకదు. రక్తహీనత ఉన్నవారు భోజనంతో పాటు విటమిన్ సీ ఉన్న పండు తింటే శాకాహారంలోని ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనం వెంటనే టీ, కాఫీ తాగితే అది తగ్గుతుంది.

నీళ్ల సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. అందరికీ వర్తించే లీటర్ల లెక్క లేదు, ఎండను, శ్రమను బట్టి అది మారుతుంది. దాహం వేసినప్పుడు తాగుతూ, మూత్రం లేత పసుపు రంగులో ఉంటే సరిపోతున్నట్లే. తక్కువ సమయంలో అనేక లీటర్లు తాగితే రక్తంలో సోడియం ప్రమాదకరంగా పడిపోతుంది. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు డాక్టరు చెప్పిన పరిమితిని పాటించాలి.

నిద్ర తక్కువైతే ఏమవుతుంది?

పెద్దలకు రాత్రికి కనీసం 7 గంటలు, 13 నుంచి 18 ఏళ్ల వారికి 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం. నిద్ర చాలనివారికి మరుసటి రోజు ఆకలి పెరుగుతుంది, తీపి, కొవ్వు ఉన్న వాటి మీదికి మనసు పోతుంది, వ్యాయామానికి ఓపిక మిగలదు. ఆహార నియమం పాటించలేకపోతున్నానని తమను తాము నిందించుకునేవారు ముందుగా తమ నిద్ర గంటలను లెక్కపెట్టుకోవాలని గట్టిగా కోరుతున్నాను. నిద్రపోయే వేళ మన చేతిలో ఉండకపోవచ్చు గానీ లేచే వేళను సెలవు రోజుతో సహా ఒకేలా ఉంచుకోవచ్చు, నిద్ర గాడిలో పడేది దానివల్లే. శరీరంలోకి చేరిన కెఫీన్‌లో సగం తొలగడానికి సుమారు 5 గంటలు పడుతుంది కాబట్టి, సాయంత్రం 5 గంటలకు తాగిన కాఫీలో సగం రాత్రి 10 గంటలకు కూడా రక్తంలో ఉంటుంది. బిగ్గరగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్లయి ఉలిక్కిపడి లేస్తున్నా, రాత్రంతా పడుకున్నా పగలు కునికిపాట్లు పడుతున్నా అది అలవాట్లతో సరిచేసుకునే సమస్య కాదు, వైద్య పరీక్ష అవసరం.

కొత్తగా విన్న సలహాను నమ్మాలా వద్దా?

ఫలానా పదార్థం తింటే ఫలానా జబ్బు ముప్పు రెట్టింపవుతుందని విన్నప్పుడు, అసలు ముప్పు ఎంత అని అడగాలి. పదివేల మందిలో ఒకరికి వచ్చే జబ్బు ఇద్దరికి వస్తే అది రెట్టింపే, కానీ మిగిలిన 9,998 మందికి తేడా లేదు. వందలో పదిమందికి వచ్చేది ఇరవై మందికి వస్తే అదీ రెట్టింపే, దాని తీవ్రత మాత్రం పూర్తిగా వేరు. ఆ ఫలితం మనుషుల్లో కనిపించిందా, ఎలుకల్లోనా, గాజు పళ్లెంలోని కణాల్లోనా అన్నది రెండో ప్రశ్న. మూడోది, దేనితో పోల్చి మంచిదన్నారనేది. చక్కెర పానీయానికి బదులు తాగితే మేలు చేసే పానీయం, మంచినీళ్లకు బదులు తాగితే అదే మేలు చేయకపోవచ్చు. చెప్పేవారే ఆ వస్తువును అమ్ముతుంటే ఈ మూడు ప్రశ్నలకూ సమాధానం దొరికేదాకా డబ్బు తీయకపోవడం మంచిది. ఇక డాక్టరు రాసిచ్చిన మందును విన్న సలహాను బట్టి ఆపేయడం ఏ పరిస్థితిలోనూ చేయకూడదు.

మధ్యలో ఆగిపోతే మళ్లీ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

జ్వరం, ప్రయాణం, పరీక్షలు, ఇంట్లో ఎవరికైనా అనారోగ్యం, ఇలా ఏదో ఒక కారణంతో ప్రతివారికీ విరామం వస్తుంది. వారం రోజుల విరామంతో పోయేది పెద్దగా ఏమీ ఉండదు, ఆగిన చోటి నుంచే కొనసాగించవచ్చు. రెండు మూడు వారాలు దాటితే ఊపిరి సామర్థ్యం ముందుగా తగ్గుతుంది, కండర బలం అంతకంటే నెమ్మదిగా తగ్గుతుంది. అందుకని నడక వ్యవధిని, ఎత్తే బరువును సుమారు సగానికి దించి, రెండు మూడు వారాల్లో పాత స్థాయికి చేరుకోవాలి. ఒకసారి బలపడిన కండరం రెండోసారి మొదటిసారి కంటే త్వరగా బలపడుతుంది. జ్వరం ఉన్నంతకాలం వ్యాయామం చేయకూడదు, తగ్గాక కూడా మామూలు ఇంటి పనులకు ఆయాసం రాని స్థితికి వచ్చేదాకా ఆగి, మొదటి రోజు పది నిమిషాల నెమ్మది నడకతో సరిపెట్టాలి. ఆ రోజు రాత్రి, మరుసటి ఉదయం అలసట పెరగకపోతే ఇంకో ఐదు నిమిషాలు కలపవచ్చు. పెరిగితే రెండు రోజులు విశ్రాంతి తీసుకుని మళ్లీ అదే పది నిమిషాలు నడవాలి.